మూటపై ముద్ర

పాలకొల్లు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. పాలకొండ చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. రెండింటి మధ్య మూడు వందల కిలోమీటర్లకు పైగా దారి. కానీ మూటపై రాసినప్పుడు ఆ దూరమంతా ఒక్క అక్షరంలోకి కుదించుకుపోతుంది. తెలుగులో ‘పాలకొ’ అనేంత వరకు రెండు పేర్లూ ఒకటే. ఇంగ్లీషులో రాసినా మొదటి ఆరు అక్షరాలు ఒకటే. పేరు చివర చెరిగిపోయిన మూట ఈ రెండు ఊళ్ళలో దేనికైనా వెళ్ళిపోవచ్చు.

మూడేళ్ల క్రితం రమజాన్ మాసంలో అలాగే వెళ్ళిపోయింది. గుంటూరులో మా మద్రసా వెనుక వీధిలో ఒక వితంతు సోదరి పిల్లల దుస్తులు కుట్టి జీవనం సాగిస్తున్నారు. ఆ ఏడు షాబాన్ మొదలు రాత్రింబవళ్ళు కుట్టి, నాలుగు మూటలు కట్టి, పాలకొల్లులోని ఒక బట్టల దుకాణానికి లారీ పార్శిలులో పంపారు. మూడు మూటలు చేరాయి. నాలుగవది పాలకొండ గోదాములో దిగి, పండుగ వెళ్ళిన తొమ్మిదవ రోజున గుంటూరుకు తిరిగి వచ్చింది. పండుగ దాటాక పండుగ దుస్తులు కొనేవారెవరు? దుకాణదారు తీసుకోనన్నారు. ఆయనను తప్పు పట్టడానికి లేదు. పార్శిలు ఆఫీసు వారు మాత్రం తప్పంతా ఆ రాత్రి మూటలు ఎక్కించిన హమాలీదేనని తేల్చి, అతని పదిహేను రోజుల కూలి కోసి, ఆ సొమ్మును ఆమెకు నష్టపరిహారంగా ఇవ్వబోయారు.

ఆమె మద్రసా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి చెప్పిన మాట ఇది: “ఆ హమాలీకి కూడా పిల్లలున్నారట మౌలానా సాబ్. ఆయన కూలి కోసి ఇచ్చే డబ్బు నాకు వద్దు. మీరొకసారి వెళ్ళి మాట్లాడండి.”

వెళ్ళాను. ఆఫీసు మేనేజరు మర్యాదస్థుడే. మూటను తెప్పించి చూపించాడు. నడుమ ఉబ్బిన గోనె మూట. దానిపై ఊదారంగు సిరాతో వేసిన చిన్న రబ్బరు ముద్ర. మొదటి అక్షరం సగం పడింది, నడిమి అక్షరాలు మూడు నాలుగు నిండుగా పడ్డాయి, ఆ పైన ఒక మరక. ఆ మరకలో పాలకొల్లు ఉందో పాలకొండ ఉందో పగటి వెలుతురులో, కళ్ళద్దాలు పెట్టుకుని చూసిన నాకే తెలియలేదు. హమాలీ దాన్ని అర్ధరాత్రి, ఇరవై అడుగుల దూరంలో వేలాడే ఒక్క బల్బు వెలుగులో, వీపున మోస్తూ చూడాలి. అతడు పక్కనే నిలబడి, “అక్షరం పడితే కదండీ సాయిబు గారూ, చదవడానికి!” అన్నాడు. అంతకు మించిన వాదన అవసరం లేకపోయింది. మూడు సార్లు తిరిగిన మీదట కూలి సొమ్ము అతనికి తిరిగి వచ్చింది. ఆ సోదరి నష్టంలో సగం ఆఫీసు భరించింది. మిగతా సగం ఆమే భరించారు.

వ్యవహారం అంతటితో ముగిసింది గానీ, ఆ మరక నా మనసులో నిలిచిపోయింది. ముద్ర అనేది మాకు కొత్త విషయం కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు రోము చక్రవర్తికి లేఖ పంపదలచినప్పుడు, ముద్ర లేని లేఖను ఆ రాజులు చదవరని సహచరులు విన్నవించగా వెండి ఉంగరపు ముద్ర చేయించిన సంగతి హదీసు పాఠాలలో ప్రతి సంవత్సరం విద్యార్థులకు చెబుతూనే ఉన్నాను. మరెవరూ అలాంటి చెక్కడం చేయించుకోరాదని ఆయన ఆదేశించారు. ఉత్తరంపై ముద్ర పని అది: పంపినవారెవరో చెప్పాలి, మరొకరు అనుకరించలేనిదై ఉండాలి. మూటపై వేసే ముద్ర పని వేరు. దాన్ని ఎవరైనా అనుకరించవచ్చు, నష్టం లేదు. పంపినవారిని గానీ అందుకునేవారిని గానీ ఎన్నడూ చూడని ఒక మనిషి, చీకటిలో, తొందరలో, క్షణంలో గుర్తుపట్టగలిగితే చాలు. బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా కంటికి అందంగా కనబడేలా చేసిన ముద్ర, లారీ వెనుక నిలబడిన మనిషికి పనికిరావడం లేదు. చిక్కంతా అక్కడే ఉందని నాకు తోచింది.

మా పాత విద్యార్థి ఒకడు కోర్టు వీధిలో రబ్బరు స్టాంపుల దుకాణం నడుపుతున్నాడు. నోటరీలకూ డాక్టర్లకూ స్టాంపులు చేసి ఇస్తాడు. అతనితో ఈ సంగతి చెబితే, “ఉస్తాద్, కాగితం మీద ముద్ర వేయడం వేరు, గోనె మీద వేయడం వేరు. కాగితం ఓర్చుకుంటుంది, గోనె ఓర్చుకోదు” అన్నాడు. అయినా ప్రయత్నిద్దామన్నాడు. ఆ తరువాత ఏడెనిమిది నెలల పాటు ప్రతి గురువారం అసర్ నమాజు తరువాత అతని దుకాణంలోనే గడిపాను.

ముందుగా పాత ముద్రను విప్పి చూశాం. విడి రబ్బరు అక్షరాలు కూర్చే రకం అది. ప్రతి అక్షరం అడుగున చిన్న గాడి, చట్రంలో దానికి సరిపడే గీతలు. అక్షరాలను పట్టకారుతో పట్టి వరుసగా గుచ్చుతారు. ఊరు మారితే అక్షరాలు మారుస్తారు. ఏర్పాటు తెలివైనదే. కానీ చట్రం అడుగు బల్లపరుపుగా ఉంది. ఉబ్బెత్తు మూటపై బల్లపరుపు ముద్రను మోపితే నడుమ మాత్రమే తాకుతుంది. చేతి బలమంతా నడిమి అక్షరాలపై పడి అక్కడ సిరా చిమ్ముతుంది, రెండు అంచులకూ ఆ బలం అందదు. ఊరి పేరు మొదలూ చివరా పోవడానికి కారణం ఇదే. పాలకొల్లుకూ పాలకొండకూ తేడా ఉన్నది సరిగ్గా ఆ చివరనే కదా!

దీనికి మందు నా చిన్ననాటి బల్లపై ఉండేది. సిరా కలాల కాలంలో రాసిన పుటను ఆరబెట్టడానికి అద్దుడు కాగితం చుట్టిన అర్ధచంద్రాకారపు చెక్క వాడేవాళ్ళం. ఒక అంచు మోపి మరో అంచు దాకా ఉయ్యాలలా దొర్లించేవాళ్ళం. ముద్ర అడుగును కూడా అలాగే వంపుగా చేయమన్నాను. వంపు అడుగు ఏ క్షణంలోనైనా ఒక సన్నని గీత మేరకే తాకుతుంది కాబట్టి, చేతి బలం మొత్తం ఆ గీతపైనే పడుతుంది. దొర్లించే కొద్దీ ఒక్కో అక్షరానికీ సమానంగా వంతు అందుతుంది. బలమైన మనిషి ఒళ్ళు బరువంతా వేసి నొక్కే అవసరం ఉండదు. 18 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు గల టేకు చెక్కను వడ్రంగి చేత వంపు తీయించాం. పిడి ఇస్త్రీపెట్టె పిడిలా అడ్డంగా పెట్టించాం. స్టాంపులకు సాధారణంగా ఉండే గుండు పిడి మూడు వేళ్ళతో పట్టుకోవడానికే పనికివస్తుంది. రోజుకు నాలుగు వందల మూటలపై ముద్ర వేసే చేతికి పిడికిలి నిండా పట్టు కావాలి.

చెక్కకూ రబ్బరుకూ మధ్య మెత్త ఉండాలి. మూట పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది, చెక్క వంగదు. బజారులో దొరికే స్పాంజీ నాలుగు రోజులకే అణిగిపోయింది. చివరికి కుదిరింది ఏమిటో చెబితే పాఠకులు నవ్వుకుంటారు. హవాయి చెప్పు అడుగు. మనిషి బరువును ఏడాది పొడవునా మోసే ఆ రబ్బరుకు ముద్ర బరువు ఒక లెక్క కాదు.

తరువాతి సమస్య లోతు. నోటరీ స్టాంపుపై అక్షరాలు ఒక మిల్లీమీటరు ఎత్తు ఉంటే చాలు. గోనెపై అలా కాదు. పోగులు పైకి లేచి ఉంటాయి. అక్షరాల మధ్య పల్లం తక్కువైతే ఆ పోగులు పల్లంలోని సిరాను కూడా తాకి మరక చేస్తాయి. అందుకని పల్లం 4 మిల్లీమీటర్లు ఉండేలా చేశాం. అయితే అంత ఎత్తుగా, సన్నగా నిలబడిన రబ్బరు గీత ఒత్తిడికి పక్కకు వంగుతుంది. దానికి విరుగుడుగా ప్రతి అక్షరపు గోడలనూ కిందికి పోయే కొద్దీ లావుగా, కొండవాలులా చేయించాం. ఇప్పుడు స్టాంపు దుకాణాలలో కనబడే లేజరు యంత్రం ఒక్కసారికి అంత లోతు చెక్కలేదు, రెండు మూడు సార్లు తిప్పి చెక్కాలి. ఆ సమయంలో కాలిన రబ్బరు వాసన వీధి చివరి వరకు వచ్చేది.

అక్షరాల రూపం విషయంలో నాకు పని దొరికింది. మద్రసాలో చదువుకునే రోజుల్లో ఖుష్‌ఖతీ, అంటే అందమైన చేతిరాత, అభ్యసించాను. ఆ విద్యలో అక్షరాన్ని కొలిచే కొలబద్ద నుఖ్తా. ఖలం మొనతో పెట్టిన ఒక చుక్క. అలిఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, బే ఇన్ని చుక్కల పొడవు అని లెక్క. కాగితంపై ఖలం అందం లావు సన్నాల ఆటలో ఉంది. గోనెపై ఆ అందానికి చోటు లేదు, సన్నగీత పోగుల మధ్య పడి మాయమవుతుంది. అందుకని అన్ని గీతలూ ఒకే లావు, ఒక నుఖ్తా లావు, 4 మిల్లీమీటర్లు అని నిర్ణయించాను. అక్షరాల లోపలి ఖాళీలు కూడా ఒక నుఖ్తాకు తగ్గకూడదు. తెలుగు అక్షరాలలో ప్రాణమంతా ఆ ఖాళీలలోనే ఉంటుంది. పొట్టలో గీత పూడిపోతే ‘ష’ ఏదో ‘ప’ ఏదో తెలియదు. చుక్క పూడిపోతే ‘థ’ కూడా ‘ధ’ అయిపోతుంది. ఇంగ్లీషు పెద్దక్షరం 25 మిల్లీమీటర్ల ఎత్తుంటే పది అడుగుల నుండి చదవగలిగాం. తెలుగుకు వత్తులతో కలిపి 45 మిల్లీమీటర్లు కావలసి వచ్చింది.

మరి తెలుగు ఎందుకు, ఇంగ్లీషుతో సరిపెట్టుకోవచ్చు కదా అని నా శిష్యుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. విడి రబ్బరు అక్షరాల పెట్టెలో ఇరవై ఆరు అక్షరాలు, పది అంకెలు ఉంటే ఇంగ్లీషులో ఏ పేరైనా కూర్చవచ్చు. తెలుగులో గుణింతాలు, వత్తులు అక్షరానికి పైనా కిందా పక్కనా అతుక్కుంటాయి. ఉర్దూలో మరీ కష్టం, ఒకే అక్షరం మొదట ఒక రూపంలో, నడుమ మరో రూపంలో, చివర ఇంకో రూపంలో ఉండి పక్కదానితో చేయి కలుపుతుంది. విడి అచ్చులతో ఈ రెండు భాషలూ లొంగవు. కానీ ఆ ఆఫీసులో పనిచేసే పదకొండు మంది హమాలీలను అడిగి చూశాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగినవారు ఇద్దరు. తెలుగు చదవగలిగినవారు ఏడుగురు. ఈ లెక్క తరువాత వాదన మిగలలేదు.

రేకులో అక్షరాలు కత్తిరించి రంగు పూసే పద్ధతి పాతదీ, గట్టిదీ. దాన్ని కూడా ఆలోచించాం. కానీ గుండ్రని తెలుగు అక్షరాన్ని రేకులో కత్తిరిస్తే లోపలి ముక్క ఊడి కిందపడుతుంది. పడకుండా వంతెనలు వదిలితే అక్షరం ముక్కలుగా కనిపిస్తుంది. అదీగాక కుంచె, రంగు, ఆరే వరకు నిరీక్షణ. వాన రాబోతూ లారీ బయలుదేరే వేళ అంత ఓపిక ఎవరికీ ఉండదు.

అందుచేత మధ్యేమార్గం పట్టాం. ఊరి పేరు మొత్తం ఒకే రబ్బరు పలక. ఆ ఆఫీసు నుండి సరుకు వెళ్ళే ఊళ్ళు ఎన్నో ఉన్నా, రోజూ వెళ్ళేవి పద్నాలుగే. ఊరికో పలక. పలక కింద మరో వరుస, అందులో మాత్రం మార్చుకోగల విడి అంకెలు: రసీదు సంఖ్య, ఎన్ని మూటలలో ఇది ఎన్నవది అన్న లెక్క. ‘నాలుగింటిలో మూడవది’ అని మూటపైనే ఉంటే, దించుకునేవారు నాలుగవదాని కోసం అప్పుడే వెతుకుతారు, తొమ్మిది రోజుల తరువాత కాదు.

తెలుగు కూడా రాని మిగతా నలుగురి మాటేమిటి? రైల్వే వారు స్టేషనుకో సంకేతం పెట్టుకున్నారు. విజయవాడకు ఈనాటికీ బెజవాడ కాలపు బి, జెడ్, ఎ అక్షరాలే నడుస్తున్నాయి. మనకు అక్షరాలు కుదరవు. కానీ అంకెలు చదవలేని హమాలీ నాకు ఒక్కరూ కనబడలేదు. నోట్లు లెక్కపెట్టాలి, ఫోను నొక్కాలి. 1972లో తపాలా శాఖ ప్రవేశపెట్టిన పిన్‌కోడులో మొదటి మూడు అంకెలు తీసుకున్నాం. పాలకొల్లు వైపు 534, పాలకొండ వైపు 532. పశ్చిమ గోదావరి నరసాపురం 534, మెదక్ వైపు నర్సాపూర్ 502. ఈ మూడంకెలను ఊరి పేరుకు ఎడమ పక్కన, పేరుతో సమానమైన ఎత్తులో పెట్టాం.

అంకెలలో ఒక ఉచ్చు ఉంది. మూట తలకిందులుగా కూడా ఉండవచ్చు. అప్పుడు 6 తొమ్మిదవుతుంది, 9 ఆరవుతుంది. మా అరబీ అంకెలలోనూ ఇలాంటి జంటే ఉంది: ఏడును తిరగేస్తే ఎనిమిది. చిన్న పిల్లలు పలకను తిప్పి పట్టుకుని లెక్క తప్పినప్పుడల్లా ఈ సంగతి నాకు గుర్తు చేస్తూనే ఉంటారు. అందుకని 6కూ 9కీ అడుగున ఒక అడ్డగీత చేర్చాం. గీత ఉన్న వైపే కింద. ఈ ఒక్క ఏర్పాటును హమాలీలకు వివరించడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. వారిలో పెద్దాయన, “ఇది ముందే ఉండుంటే నా జీతం ఎన్నిసార్లు మిగిలేదో!” అన్నాడు.

ఇక మన్నిక. రబ్బరుకు మొదటి శత్రువు మనం దాన్ని శుభ్రం చేసే పద్ధతే. పచ్చి రబ్బరుకు గంధకం కలిపి కాచి గట్టిపరచే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందారు. ఆ రబ్బరు ఎండకూ చలికీ నిలుస్తుంది గానీ నూనెకు నిలవదు. కిరోసిను, డీజిలు తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది, అక్షరాల అంచులు గుండ్రమవుతాయి. ఆ పార్శిలు ఆఫీసులో వారానికొకసారి ముద్రను కిరోసిను గుడ్డతో తుడిచేవారట! సబ్బునీళ్ళు, పాత పళ్ళ బ్రష్షు చాలు. అయినా లారీ ఆఫీసులో నూనె తగలకుండా ఉండదు కనుక, నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరుతో పలకలు పోయించాం. ప్రింటింగు యంత్రాల రోలర్లకు రబ్బరు పోసే కార్ఖానాలో ఆ ముడి రబ్బరు దొరికింది. లేజరుతో చెక్కిన నమూనా నుండి అచ్చు తీసి, ఆ అచ్చులో రబ్బరు పెట్టి, సుమారు 150 డిగ్రీల వేడిలో నొక్కి ఉంచితే పలక తయారవుతుంది. ఒక అచ్చు నుండి ఎన్ని పలకలైనా తీయవచ్చు.

పలకను చెక్కకు జిగురుతో అంటించడం మానుకున్నాం. మొదటి నమూనాలో జిగురు సిరాకు కరిగి రెండు వారాలలో ఊడింది. ఇప్పుడు పలక రెండు చివరలనూ ఇత్తడి పట్టీల కింద పెట్టి మరలతో బిగిస్తున్నాం. ఊరు మార్చాలంటే మరలు వదులు చేసి పలక మార్చడమే.

సిరా గురించి చాలా చెప్పవచ్చు, కొంతే చెబుతాను. ఆఫీసుల ఊదా సిరా గ్లిజరిన్‌తో తయారవుతుంది. కాగితంలో, అట్టలో ఇంకుతుంది. ప్లాస్టిక్ సంచిపై ఇంకే దారి లేక రోజంతా తడిగానే ఉండి, పక్క మూటకు అంటుకుంటుంది. పైగా ఎండకు వెలిసిపోతుంది. కార్బన్ మసితో చేసిన నల్ల సిరా వెలవదు. స్పిరిటు కలిసిన రకం ప్లాస్టిక్‌పై కూడా క్షణాలలో ఆరుతుంది. కానీ గుంటూరు మే నెలలో ప్యాడుపై కూడా అంతే వేగంగా ఆరిపోతుంది. మూత గట్టిగా పడే రేకు డబ్బాలో ఉన్ని ప్యాడు పెట్టి, ప్రతి ముద్రకూ మూత తెరిచి మూయడం అలవాటు చేసుకోవాలి. ఈ అలవాటు గుమాస్తాలకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

మొదటి ముద్రను ఒక రాత్రి ఇషా తరువాత ఆఫీసుకు తీసుకువెళ్ళాం. రెండు ఊళ్ళ మూటలు ఇరవై కలగలిపి పేర్చి, ఆ ఒక్క బల్బు వెలుగులోనే వేరు చేయమన్నాం. చదువు రాని ఇద్దరిని కావాలనే ఎంచుకున్నాం. ఇరవై మూటలూ సరిగ్గా వేరయ్యాయి. మేనేజరు ఆనందించాడు, ఖరీదు వినగానే కొంచెం తగ్గాడు. పలకలన్నీ కలిపి చేయడానికి అయ్యే ఖర్చు ఒక మూట పోతే ఇచ్చే పరిహారం కంటే తక్కువని లెక్క రాసి చూపిస్తే ఒప్పుకున్నాడు. ముందు ఆరు ఊళ్ళకు చేయించాడు. మిగతావి ఆ తరువాతి ఏడాది పూర్తయ్యాయి. మూటకు రెండు పక్కల ముద్ర వేయాలన్న మా మాటను మాత్రం రద్దీ లేని రోజుల్లోనే పాటిస్తున్నారు. ఒక పక్క మరో మూట కింద దాగిపోతుందని ఎంత చెప్పినా, తొందర ముందు మాట నిలవదు.

రెండేళ్ళు దాటింది. పాలకొల్లు పలక అంచులు కొద్దిగా అరిగాయి గానీ ‘ల్లు’ ఇంకా గోనె నిండా పడుతోంది. ఆ సోదరి మూటలు గత రెండు రమజాన్‌లలోనూ ఇరవయ్యవ ఉపవాసం లోపే చేరాయి. ఈ ఏడు ఆమె మూటలు ఆరు.

తేలని చిక్కు ఒకటి మిగిలింది. వానలో తడిసిన గోనెపై ఏ సిరా పట్టదు. మసి సిరా కూడా నీటితో పాటు పోగుల వెంట పాకి మరక అవుతుంది. శ్రావణ భాద్రపదాలలో ఇప్పటికీ రేకు బిళ్ళలపై అంకెలు గుద్ది, పురికొసతో మూట మెడకు కడుతున్నారు. నా శిష్యుడు ఏదో మైనం కలిపిన సిరా ప్రయత్నిస్తున్నాడు. వచ్చే గురువారం చూపిస్తానన్నాడు.